ఆధారం అనే గడి

తొమ్మిదో తరగతికి ఈసారి
పాఠ్యపుస్తకం పక్కన ఒక నవల పెట్టిన.
నూట ముప్పై పేజీలు, ఇరవై రెండు జిరాక్సులు,
పిన్నులు కొట్టీ కొట్టీ బొటనవేలు కమిలింది.
నవలల ఒక ఊరు ఉంటది.
పంట కోతలైనంక సగం ఊరు లారీ ఎక్కుతది.
ఎక్కడికి పోయిందో రాసినాయన చెప్పడు,
నూటా పదో పేజీల మళ్ల దిగుతది.

ఆ చెప్పని జాగనే పట్టుకున్న.
పిల్లలే వెతకాలె, నెట్ల.
రెండు రాత్రులు కూసోని ప్రాజెక్టు పత్రం గీసిన:
ఎడమ దిక్కు ప్రశ్న, నడుమ జవాబు,
కుడి దిక్కు సన్నటి గడి, ఆధారం.
యాడ దొరికిందో లింకు రాయాలె, తారీఖు వెయ్యాలె,
ఉన్నదున్నట్టు దించితె సున్నా.
మా ఆయన తొంగి చూసి
"పీహెచ్‌డీ ఇస్తున్నవా ఏంది?" అన్నడు.
ఇస్తె ఇస్త.

కోయిల్‌కొండ దాటి పన్నెండు కిలోమీటర్లు మా బడి.
ఎనిమిది కంప్యూటర్లొచ్చినయి, మూడు లేస్తయి.
ఒకదాంట్ల 'అ' మీట ఊడిపోయింది.
దాని ముందర కూసున్నోళ్లు
యాడనో ఉన్న 'అ'ను తెచ్చి అతికించుకుంట
అన్నం, అప్పు, అడ్డా కూలి
ఒక్కొక్క మాట కూడబెట్టుకున్నరు.

మొదటిది, వాన ఎన్ని మిల్లీమీటర్లు? దొరికింది.
రెండోది, నవలల గటక ఎట్ల వండుతరు?
వీడియో దొరికింది గని శివలీలకు కోపమొచ్చింది:
"మా అవ్వ ఇట్ల వండదు టీచర్,
ఈమెకు ఎసరే తెల్వదు."
ఆ మాట ఏ గడిల రాయాలె?
నేనూ అనుకోలె అప్పటిదాక.
మూడోది అందరు ఇడిసిపెట్టిండ్రు.
మళ్ల చదివి చూస్తె నాకే సమజుగాలె.

ఐదోది: ఆ లారీ ఎక్కడికి పోయింది?
మా ఊరి పేరు కొడితె
అదే పేరున్న ఇంకో జిల్లా ఊరొచ్చింది,
బస్సుల టైములొచ్చినయి.
వలస అని కొడితె
పక్షులొచ్చినయి,
రెక్కల కొలతలు, ఎగిరిన దూరం, దిగిన చెరువు,
ఒక్కొక్క కొంగ కాలికి ఒక్కొక్క నంబరు.
కురుమూర్తి పకపక నవ్విండు.
తర్వాత ఎందుకో నవ్వలె.

రమావత్ ఝాన్సీ చెయ్యి లేపింది.
"మా నాయిన పుణె కాడున్నడు టీచర్.
వీడియో కాల్ చేసి అడగాల్నా?
అది గూడ ఆన్‌లైనే గద?"

నా పత్రంల నియమాలు తొమ్మిది.
ఒక్కదాంట్ల గూడ నాయిన లేడు.

నా ఫోనిచ్చిన.
ముందుగాల సెంట్రింగు కర్రలు కనపడ్డయి,
ఆ తర్వాత సిమెంటు పట్టిన గడ్డం.
తండా మాటల ఏదో అడిగింది, ఆయన నవ్విండు,
నన్ను చూసి నవ్వాపి "నమస్తె మేడం" అన్నడు.
ఒక్క ఫోను మీద ఇరవై రెండు తలకాయలు.

"లారీ మా నాయిన కాలంలనమ్మా, ఇప్పుడు బస్సే.
పారలు, తట్టలు కింద, మనుషులు మీద.
యాడికంటె ఏం చెప్త,
కట్టకు పోయిండ్రు, కాలువకు పోయిండ్రు,
పేర్లు ఎవడు చెప్తడు కూలోళ్లకు?
నీళ్లు ఇడిసిన్నాడు మనోళ్లు ఆడ ఉండరు."

మళ్ల ఆయనే అడిగిండు,
"అవునమ్మా, ఆ పుస్తకంల కూలి ఎంత రాసిండ్రు?"

ఎవరో మేస్త్రి పిలిచిండు,
తెర మీద మళ్ల కర్రలే.

ఇరవై రెండు జిరాక్సులు ఒక్కపారి చప్పుడు చేసినయి.
వెనుకకెల్లి ముందుకు,
ముందుకెల్లి వెనుకకు,
బెల్లు కొట్టినా ఎవరు లేవలె.
ఆకలి ఉన్నది, ఎండ ఉన్నది, పెండ్లి ఉన్నది,
లారీ నంబరు గూడ ఉన్నది.
కూలి లేదు.

సోమవారం పత్రాలు దిద్దుతున్న.
ఆరో ప్రశ్న నేను రాసింది కాదు,
ఝాన్సీ చేతిరాత: పుస్తకంల కూలి ఎంత?
జవాబు గడి ఖాళీ.
ఆధారం గడిల మాత్రం
పది అంకెల ఫోన్ నంబరు,
పట్టక, చివరి రెండు గీత దాటి బయట.